పాత ఫ్రీజ్ డ్రైయింగ్ స్టేజ్ కొంటున్నారా? డబ్బు కట్టేముందు ఉప్పునీటి చుక్కతో పరీక్షించండి

లయోఫిలైజేషన్ (ఫ్రీజ్ డ్రైయింగ్, అంటే గడ్డకట్టించి వాక్యూమ్‌లో ఆరబెట్టడం) మీద పనిచేసే మిత్రులకు, ముఖ్యంగా కొత్తది కొనే బడ్జెట్ లేక సెకండ్ హ్యాండ్ మైక్రోస్కోప్ స్టేజ్ (శాంపిల్ చుక్క గడ్డకట్టి ఆరడాన్ని మైక్రోస్కోప్ కింద చూసే పరికరం) కోసం వెతుకుతున్నవాళ్లకు ఈ హెచ్చరిక. హైదరాబాద్‌లోని మా ల్యాబ్ ఒక డీలర్ దగ్గర అలాంటిదే తీసుకుంది. డిస్‌ప్లేలో కనిపించే టెంపరేచర్‌కీ, శాంపిల్ అసలు టెంపరేచర్‌కీ 5 డిగ్రీల తేడా ఉంది. ఈ పనిలో 5 డిగ్రీలంటే బ్యాచ్ మొత్తం పోయినట్టే.

మాకు అనుమానం వచ్చింది సుక్రోజ్ దగ్గర. ఆ ద్రావణం ఆరుతున్నప్పుడు మామూలుగా -32, -33 డిగ్రీల ప్రాంతంలో కొలాప్స్ అవుతుంది, అంటే మెత్తబడి కూలిపోతుంది. మా స్టేజ్ మీద -28 దాకా చెక్కుచెదరలేదు. ఆ అంకె నమ్మి ప్రొడక్ట్‌ను -30 దగ్గర ఆరబెడితే కేక్ (ఆరిన ముద్ద) వయల్ (చిన్న మందు సీసా) గోడల్ని వదిలి ముడుచుకుపోతుంది, అడుగున బంకలా మిగులుతుంది. తేమ లోపలే ఉండిపోతుంది.

వెంటనే 23.3 శాతం ఉప్పునీటి చుక్క పెట్టి, బాగా గడ్డకట్టించి, నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున వేడిచేశాం. -21.1 దగ్గర కరగాలి. డిస్‌ప్లే -16 చూపిస్తుండగా ఒక్కసారిగా కరిగిపోయింది. మంచినీటి ఐస్ కూడా సున్నా దగ్గర కాదు, +5 దగ్గర కరిగింది. రెండుచోట్లా ఒకే తేడా రావడంతో విప్పి చూశాం. లోపలి పీటీ100 సెన్సర్‌ను (రెసిస్టెన్స్ మార్పును బట్టి టెంపరేచర్ చూపేది) ఎవరో మార్చి, నాలుగు వైర్లు ఉండాల్సినచోట రెండే కలిపారు. ఈ సెన్సర్‌లో డిగ్రీకి 0.385 ఓమ్‌లే మార్పు. వైర్ల రెసిస్టెన్స్ 2 ఓమ్‌లు అదనంగా కలిస్తే చాలు, రీడింగ్ 5 డిగ్రీలు పెరిగిపోతుంది.

మరి కాలిబ్రేషన్ సర్టిఫికెట్ ఏమైందంటారా? అది ఉంది, అబద్ధమూ కాదు. కానీ సెన్సర్ తీసేసి, కంట్రోలర్‌కి బయటినుంచి సిగ్నల్ ఇచ్చి చేసిన కాలిబ్రేషన్ అది. స్టేజ్ గురించి అందులో ఒక్క ముక్క లేదు. డెమోలో మాకు నీటి చుక్క గడ్డకట్టడం చూపించారు. దాన్ని అస్సలు లెక్కలోకి తీసుకోకండి. నీరు సూపర్‌కూల్ అయ్యి (సున్నా దాటి చల్లబడినా ద్రవంగానే ఉండి) -10కీ గడ్డకట్టొచ్చు, -20కీ గడ్డకట్టొచ్చు. కరిగే టెంపరేచరే అడగండి, అదీ మీ కళ్లముందు, మీరు తెచ్చిన ఉప్పుతో.

వాక్యూమ్ కూడా చూసుకోండి. ఖాళీ స్టేజ్‌ను పంప్ చేసి, వాల్వ్ మూసి, ప్రెషర్ ఎంత వేగంగా పెరుగుతోందో గమనిస్తే లీక్ తెలిసిపోతుంది.

డీలర్ మొదట "మీ శాంపిల్‌లోనే ఇంప్యూరిటీ ఉంది సార్" అన్నాడు. ఉప్పు వీడియో పంపాక, సెన్సర్‌కి వారంటీ వర్తించదన్నాడు. అందుకే పర్చేజ్ ఆర్డర్‌లోనే రాయించుకోండి: సెన్సర్‌కీ వారంటీ ఉండాలి, ఉప్పు, ఐస్ రెండూ అర డిగ్రీ తేడాలోపు కరిగితేనే మిగతా పేమెంట్. దీనికి ఒప్పుకోని డీలర్ దగ్గర ఎంత చవకగా వచ్చినా తీసుకోవద్దు.