కొలోన్‌కి ఒక పూట చాలదు

జర్మనీలోని కొలోన్‌లో రైలు దిగి స్టేషన్ బయటికి రాగానే ఎదురుగా కేథడ్రల్, అంటే ఊరి పెద్ద చర్చి. తల పూర్తిగా వెనక్కి వాలిస్తే తప్ప 157 మీటర్ల శిఖరం కొస కనపడదు. అందుకే చాలామంది సామాను లాకర్‌లో పడేసి, రెండు గంటల్లో చర్చి చూసేసి తర్వాతి రైలెక్కేస్తారు. మేమూ అదే ప్లాన్‌తో వెళ్లాం, చివరికి రెండు రాత్రులు ఉండిపోయాం.

1248లో మొదలుపెట్టిన కట్టడం ఇది, మధ్యలో దాదాపు మూడొందల ఏళ్లు అటకెక్కించి 1880లో పూర్తిచేశారు. దక్షిణ శిఖరానికి 533 మెట్లు, లిఫ్ట్ లేదు, ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ అవే ఇరుకు మెట్ల మీద గోడకి అతుక్కుపోయి దారిచ్చుకోవాలి. దారిలో 24 టన్నుల గంట చూడొచ్చు, బాగుంది. కానీ పైన చుట్టూ వైరు మెష్ ఉంది, మోకాళ్ల నొప్పులుంటే మానేయండి, పోయేదేం లేదు.

దానికి బదులు కిందే చర్చిలో ఉన్న, జర్మన్ చిత్రకారుడు గెర్హార్డ్ రిక్టర్ చేసిన కిటికీ దగ్గర ఓ అరగంట కూర్చోండి. 2007లో పెట్టారు. 72 రంగుల్లో 11,263 గాజు చతురస్రాలు, ఒక్క దేవుడి బొమ్మ కూడా లేదు. ఫొటోలో చూసినప్పుడు పాడైపోయిన టీవీ తెరలా అనిపించింది నాకు. మధ్యాహ్నం ఎండ పడగానే ఆ రంగులన్నీ బూడిదరంగు రాతిస్తంభం మీదికి జారాయి, పక్కనే నిలబడిన మా ఆవిడ తెల్ల చున్నీ కాసేపు ఎరుపు, కాసేపు ఆకుపచ్చ. మబ్బు రాగానే అంతా మాయం. మబ్బు పట్టిన రోజు వెళ్తే మాత్రం నన్ను తిట్టుకోవద్దు.

ఊరు మాత్రం కథల పుస్తకంలోలా ఉండదు. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులకి పాత ఊరు చాలావరకు నేలమట్టమైంది, తర్వాత హడావిడిగా కట్టిన డబ్బా బిల్డింగులే ఎక్కువ. కేథడ్రల్ వెనకే ఉన్న లుడ్విగ్ మ్యూజియంలో పికాసో బొమ్మలు కుప్పలుగా ఉన్నాయి, సోమవారం సెలవు, చూసుకుని వెళ్లండి. చాక్లెట్ మ్యూజియం పిల్లలుంటేనే.

తిండి దగ్గరే దెబ్బతిన్నాం. నది ఒడ్డున ఒక హోటల్‌లో మాంసం లేదు కదా అని రెండుసార్లు అడిగి మరీ సూప్ చెప్తే, అందులో హామ్ ముక్కలు తేలాయి, పైగా బిల్లు మొత్తం కట్టాల్సిందే అన్నారు. మర్నాడు ఇంకో చోట మెనూలో 'హాల్వే హాన్' కనపడింది, అంటే అర కోడి అట. భయపడుతూ పక్క టేబుల్ వైపు చూస్తే రై బన్ను, చీజ్ ముక్క, ఉల్లిపాయలు, ఆవాల ముద్ద, అంతే! కోడి ఈక కూడా లేదు. ఈ ఊరి కోల్ష్ బీరు 200 మిల్లీలీటర్ల సన్న గ్లాసుల్లో ఇస్తారు. ఖాళీ అవగానే అడక్కుండానే ఇంకోటి పెట్టి, గ్లాసు కింద ఉండే అట్టమీద పెన్సిల్‌తో గీత గీస్తారు. చాలనుకుంటే ఆ అట్టని గ్లాసు మీద మూతలా పెట్టాలి. మాకు తెలిసేసరికి అయిదు గీతలు.

సాయంత్రం హోహెన్‌జోలెర్న్ వంతెన మీద అవతలి ఒడ్డుకి నడవండి. కంచె నిండా ప్రేమికుల తాళాలు, పక్కనే రైళ్లు పోతుంటే కాళ్లకింద వంతెన అదురుతుంది. ఆ ఒడ్డునున్న డోయిట్స్ వైపు మెట్ల మీద కూర్చుంటే రైన్ నది, దాని వెనక కేథడ్రల్, దాని వెనక దిగిపోతున్న సూర్యుడు. టికెట్టేం లేదు.