బట్టీకి బిరడా కంతా, క్వార్ట్జ్ కిటికీయా?

కాలుతుండగా బట్టీ లోపలికి చూడడానికి గోడలో బిరడాతో మూసే కంతైనా పెట్టాలి, క్వార్ట్జ్ కిటికీ అయినా పెట్టాలి. విజయవాడలో టెర్రకోట 900–1000 డిగ్రీల దగ్గర కాల్చే బట్టీకి మా ఓటు బిరడాకే. 25 మిల్లీమీటర్ల కంత, కోసుగా చెక్కిన ఇన్సులేషన్ ఇటుక ముక్క చాలు. విరిగితే ఇంకోటి చెక్కుకోవడమే. తీసినప్పుడు మాత్రం వేడి ఎగదన్నుతుంది, ముఖం పక్కకు పెట్టాలి.

కోన్ (తగిన వేడి అందగానే వంగే చిన్న మట్టి శంకువు) వంగడం గంటలతరబడి గమనించాలంటే కిటికీ మేలు. బోరోసిలికేట్ గాజు వద్దు, 820 దగ్గరే మెత్తబడుతుంది. ఫ్యూజ్డ్ క్వార్ట్జ్ (శుద్ధ సిలికాను కరిగించి చేసే గాజు) బిళ్లను గోడ బయటి వైపు, సిరామిక్ ఫైబర్ గాస్కెట్ల మధ్య వదులుగా కూర్చాలి. ఆటోనగర్‌లో చేయించే స్టీల్ ఫ్రేమ్ వేడికి సాగి, చల్లారాక ముడుచుకుంటుంది. క్వార్ట్జ్ దాదాపు కదలదు. స్క్రూలు బిగించేస్తే పగులుతుంది. వేలిముద్రల్లోని ఉప్పు కూడా దాన్ని తెల్లగా మసకబారుస్తుంది, అందుకే స్పిరిట్‌తో తుడిచాక వట్టి చేత్తో ముట్టుకోవద్దు. మెరుపు పూత కోసం లోపల ఉప్పు చల్లే సాల్ట్ గ్లేజ్ బట్టీకైతే కిటికీ దండగ.

ఏది పెట్టినా ముదురు వెల్డింగ్ కళ్లద్దాలు లేకుండా లోపలికి చూడకండి.