మోడల్ కారు పాత రంగు వదిలించడానికి ఐపీఏ మేలా, బ్రేక్ ఆయిలా, డెటాలా?

పాత కిట్టు కారుకు (ప్లాస్టిక్ ముక్కలు అతికించి చేసే మోడల్‌కు) మళ్లీ రంగు వేయాలి, ఉన్న రంగు దేంతో తీయాలి అని నెలకు ఇద్దరు ముగ్గురైనా అడుగుతూనే ఉంటారు. పోయిన వారం నాకే ఆ పని పడింది. 1/24 స్కేలు, అంటే అసలు కారులో ఇరవై నాలుగో వంతు ఉండే కారు బాడీ, ఎనిమిదేళ్ల కింద నేనే ఎర్ర ల్యాకర్ స్ప్రే మందంగా కొట్టేశాను. డోరు గీతలు సగానికి సగం పూడిపోయాయి.

ల్యాకర్‌ను పలచన చేసే ఎన్‌సీ థిన్నర్, అసిటోన్‌ల జోలికి మాత్రం వెళ్లొద్దు. కిట్టు ప్లాస్టిక్ పాలీస్టైరీన్, అది వాటిలో కరిగిపోతుంది.

ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్), బ్రేక్ ఆయిల్, డెటాల్ మూడూ రంగు తీస్తాయి. ఎంత తొందరగా తీస్తాయన్నది నాకు ముఖ్యం కాదు. మెత్తబడిన రంగు గీతల్లోంచి శుభ్రంగా బయటికి వస్తుందా, అక్కడే ఇరుక్కుంటుందా అన్నదే నేను చూస్తాను. 1/24 బాడీ మీద డోరు గీత గోటితో వెతికితే తగిలేంత సన్నం. అది పూడితే కారు బొమ్మలా కనిపిస్తుంది.

డెటాల్ దాదాపు ప్రతి ఇంట్లో ఉంటుంది. నీళ్లు కలపకుండా వాడితే ఎనామెల్ రంగునీ యాక్రిలిక్ రంగునీ ఒక రోజులో మెత్తబరుస్తుంది, ప్లాస్టిక్‌కు హాని చేయదు. చిక్కల్లా కడిగేటప్పుడే. మెత్తబడ్డ రంగుకు నీళ్లు తగిలాయంటే బంకలా మారి గ్రిల్లులోనూ గీతల్లోనూ పట్టేస్తుంది. అందుకే బ్రష్ కూడా డెటాల్‌లోనే ముంచి రుద్దాలి, ఇంకోసారి కొత్త డెటాల్‌తో కడగాలి, ఆఖరున సబ్బునీళ్లు. ఓపిక ఉంటే పని జరుగుతుంది. వాసన మాత్రం రెండు రోజులు గది వదలదు.

బ్రేక్ ఆయిల్ మూడింట్లో బలమైనది. ఏళ్ల నాటి ఎనామెల్ కూడా దీనికి లొంగుతుంది. డాట్ 3, డాట్ 4 రకాలు పనికొస్తాయి. డాట్ 5 సిలికాన్‌ది, రంగు తీయదు సరికదా దాని పొర మిగిలితే కొత్త రంగు నిలవదు. డాట్ 3తో కూడా నా భయం అదే. మూలల్లో ఏ కాస్త మిగిలినా కొత్త రంగు అక్కడ పరుచుకోకుండా గుంటలు పడుతుంది. గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. బండి మీద చుక్క పడితే దాని పెయింట్ కూడా పోతుంది. వాడినది సింకులో పోయకుండా డబ్బాలో పట్టి, పాత ఆయిల్ తీసుకునే మెకానిక్‌కు ఇవ్వండి.

నేను వాడేది ఐపీఏ. మొబైల్ బోర్డులు శుభ్రం చేయడానికి ఎలక్ట్రానిక్స్ షాపుల్లో అమ్మే 99 శాతానిదే కొనండి. శానిటైజర్‌లో నీళ్లు, జిగురు పదార్థాలు కలిసి ఉంటాయి, అది పనికిరాదు. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో బాడీ మునిగేలా పోసి ఉంచాను. ఆరు గంటల తర్వాత మూత తీస్తే టాప్ మీద రంగు కాచిన పాల మీద మీగడలా ముడతలు పడి లేచి ఉంది. పాత టూత్‌బ్రష్‌తో తోస్తే పొరలు పొరలుగా ఊడింది. గీతల్లో మిగిలినదాన్ని చీపురుపుల్ల కొస చెక్కి లాగాను. పుల్ల మెత్తన కాబట్టి ప్లాస్టిక్ మీద గీరదు. ఊడిన రంగు బంకలా అంటుకోకుండా పొట్టులా రాలుతుంది, మిగిలిన ఐపీఏ ఆరిపోతుంది. నేను దీన్నే పట్టుకోవడానికి కారణం ఇదే.

దీనికీ లోటు ఉంది. బాగా ఎండిన ఎనామెల్ మీద పెద్దగా పనిచేయదు. అందుకే ముందు టాప్ లోపలివైపు పడిన రంగును ఐపీఏలో ముంచిన దూదిపుల్లతో రుద్ది చూడండి. దూదికి రంగు అంటితే ఐపీఏ, అంటకపోతే డెటాల్. రెండూ ఓడిపోతేనే బ్రేక్ ఆయిల్. ఇంకొకటి, ఐపీఏ ఆవిరి 12 డిగ్రీల దగ్గరే అంటుకోగలదు. గ్యాస్ పొయ్యి, అగరుబత్తి దగ్గర్లో లేకుండా కిటికీ తీసి పని చేయండి.

క్రోమ్ పూత పోవాలంటే బట్టల బ్లీచ్ చాలు. దాన్ని ఐపీఏతో ఎప్పుడూ కలపొద్దు, విషపు ఆవిర్లు వస్తాయి. కారు కిటికీలకు వచ్చే ప్లాస్టిక్ అద్దాలను వీటిలో దేంట్లోనూ వేయకండి.

నా బాడీ ఇప్పుడు తెల్లగా బయటపడింది, డోరు గీతకు గోరు తగులుతోంది. వైపర్ల కింద ప్రైమర్ (రంగుకు ముందు వేసే పూత) కొంచెం మొండిగా ఉంది, ఈ రాత్రికి మళ్లీ నానబెట్టాను.