రెండు వేలకే ‘లైఫ్‌టైమ్’ లైసెన్సట! కర్నూలు, కడప, అనంతపురం డిజైన్ షాపుల వాళ్లు జాగ్రత్త

పెళ్లిళ్ల సీజన్ వస్తోందంటే చాలు, వాట్సాప్ గ్రూపుల్లో ఇలాంటి మెసేజ్‌లు మొదలవుతాయి. ‘ఫోటోషాప్, కోరల్‌డ్రా, ఆటోక్యాడ్ అన్నీ ఒరిజినల్. లైఫ్‌టైమ్. రెండు వేలు మాత్రమే. ఎనీడెస్క్‌లో మేమే ఎక్కించి ఇస్తాం.’ (ఎనీడెస్క్ అంటే దూరం నుంచే మన కంప్యూటర్‌ను నడిపే యాప్.) శుభలేఖలు, ఫ్లెక్సీలు చేసే షాపులు, మున్సిపల్ ప్లాన్లు గీసే ఎల్టీపీలు, ప్రొద్దుటూరులో నగల డిజైన్లు చేసేవాళ్లు, ఇంజనీరింగ్ పిల్లల తల్లిదండ్రులు, అందరికీ ఇదే గాలం. ఫోన్‌పే కొట్టేముందు ఇది చదవండి.

ముందు ఆ ‘లైఫ్‌టైమ్’ సంగతి. ఫోటోషాప్ తయారుచేసే అడోబీ 2013లో క్రియేటివ్ క్లౌడ్ అనే చందా పద్ధతికి మారినప్పటి నుంచి ఫోటోషాప్, ఇల్లస్ట్రేటర్ కొత్త వెర్షన్లు చందా కడితేనే వస్తాయి. ఒకసారి కొంటే మనదైపోయే పద్ధతిలో వచ్చిన చివరిది సీఎస్6. ఆటోడెస్క్ కూడా 2016లో ఆటోక్యాడ్‌ను అలాగే చేసింది. కంపెనీయే అమ్మని సరుకు వీడి దగ్గరికి యాడ నుంచి వచ్చిందప్పా? కోరల్‌డ్రాకు ఒకేసారి కట్టే లైసెన్సు ఉంది కాబట్టి దాని విషయంలో ‘లైఫ్‌టైమ్’ అన్నంత మాత్రాన దొంగ అనలేం. అక్కడ ధరే పట్టిస్తుంది.

చాలామంది మోసపోయేది క్రాక్‌తో (లైసెన్సు తాళం పగలగొట్టిన దొంగ కాపీతో) కాదు, టీమ్ సీటుతో. క్రాక్ అయితే అనుమానమన్నా వస్తుంది. టీమ్ సీటులో సాఫ్ట్‌వేర్ నిజంగా కంపెనీదే. మీ ఈమెయిల్ అడుగుతాడు, పది నిమిషాల్లో కంపెనీ నుంచే ఆహ్వానం మెయిల్ వస్తుంది, అప్‌డేట్లు వస్తాయి, వైరస్ ఉండదు. మొదటి రోజు పైపైన ఏ పరీక్ష పెట్టినా నెగ్గుతుంది. జరిగిందేమిటంటే, ఎక్కడో ఒక సంస్థ లేదా కాలేజీ పేరు మీద తీసుకున్న లైసెన్సుల్లో ఒక సీటుకు మీ మెయిల్ తగిలించాడు. తాళంచెవి ఆ సంస్థ అడ్మిన్ చేతిలోనే ఉంది. వాడు చందా కట్టడం మానినా, కార్డు దొంగదని తేలినా, ఆ సీటు ఇంకొకరికి అమ్ముకోవాలనిపించినా మీ పేరు తీసేస్తాడు. ఆ పొద్దే ప్రోగ్రాం ఆగిపోతుంది. ఆ ప్రొఫైల్ క్లౌడ్‌లో దాచుకున్న ఫైళ్లు కూడా ఆ సంస్థ కిందికే పోతాయి.

పొలం కొనేటప్పుడు ఈసీ తీయించకుండా అడ్వాన్సు ఇస్తామా? ఇక్కడా చూడాల్సింది అదే, రిజిస్ట్రేషన్ ఎవరి పేరు మీద ఉందో. అడోబీలో సైన్ ఇన్ అయ్యేటప్పుడు ‘పర్సనల్’ ప్రొఫైల్ కాకుండా మీకు తెలియని కంపెనీ పేరో, స్కూల్ పేరో కనిపిస్తే అది టీమ్ సీటు. సొంత చందా అయితే అకౌంట్ పేజీలో ప్లాన్ పేరు, తర్వాత కట్టాల్సిన తేదీ, ఇన్వాయిస్‌లు అన్నీ కనిపిస్తాయి. కోరల్ అయితే సీరియల్ నంబరు మీ సొంత మెయిల్‌తో తెరిచిన అకౌంట్‌లో రిజిస్టర్ కావాలి. ‘రిజిస్టర్ చేయొద్దు, నెట్ ఆపి పెట్టుకోండి’ అని అమ్మేవాడే చెబితే ఇంక వేరే రుజువు అక్కర్లేదు.

ఆటోక్యాడ్ స్టూడెంట్ లైసెన్సును డబ్బుకు అమ్మడం ఇంకో రకం. తల్లిదండ్రులూ, వినండి: అర్హత ఉన్న విద్యార్థికి ఆటోడెస్క్ దాన్ని ఉచితంగానే ఇస్తుంది. చదువుతున్నట్టు రుజువు పెట్టి ఎవరికి వారే తీసుకోవచ్చు, ఏడాదికోసారి రెన్యూ చేసుకోవాలి. దానికి రూపాయి కూడా ఇవ్వొద్దు. షాపులో వ్యాపారానికి మాత్రం అది వాడకూడదు. పాత స్టూడెంట్ వెర్షన్లలో గీసిన డ్రాయింగును ప్రింటు తీస్తే నాలుగు అంచులా స్టూడెంట్ ముద్ర పడుతుంది. అందులోంచి ఒక్క తలుపు బొమ్మ (బ్లాకు) కాపీ చేసుకున్నా ఆ ముద్ర మీ ఫైలుకూ అంటుకుంటుంది. 2డి ప్లాన్లకు మాత్రమే వాడే ఎల్టీపీలు ఆటోక్యాడ్ ఎల్‌టీ ధర కనుక్కోండి, పూర్తి ఆటోక్యాడ్ కన్నా చాలా తక్కువ. 2024 వెర్షన్ నుంచి అందులో ఆటోలిస్ప్ (ఆటోక్యాడ్ పనులను వాటంతటవే జరిగేలా చేసే చిన్న ప్రోగ్రాముల భాష) కూడా పనిచేస్తోంది.

ఇక క్రాక్. ఎనీడెస్క్‌లోకి వచ్చినవాడు మొదట విండోస్ సెక్యూరిటీలో ఎక్స్‌క్లూజన్స్ పెడతాడు, అంటే ‘ఈ ఫోల్డరు జోలికి పోవద్దు’ అని కాపలా కుక్కకు చెప్పడం. తర్వాత సిస్టమ్32 లోపల డ్రైవర్స్, ఈటీసీ ఫోల్డర్లోని ‘హోస్ట్స్’ ఫైలులో కంపెనీ సర్వర్ల పేర్ల ముందు 127.0.0.1 అని రాస్తాడు. దాంతో ప్రోగ్రాం కంపెనీతో మాట్లాడలేదు. కొన్నాళ్లకు ఏదో ఒక దారిలో తనిఖీ జరిగిందంటే, అడోబీలో ‘ఈ యాప్‌ను డిసేబుల్ చేస్తాం’ అని గడువుతో సహా హెచ్చరిక వస్తుంది. కోరల్ అయితే ఫైలు తెరుచుకుంటుంది గానీ సేవ్, ప్రింట్, ఎక్స్‌పోర్ట్ పనిచేయవు. రేపు ముహూర్తం పెట్టుకుని ఈ రోజు శుభలేఖ ప్రింటు కాకపోతే ఎలా ఉంటుందో షాపు వాళ్లకు వేరే చెప్పాలా.

అంతకన్నా పెద్ద దెబ్బ, క్రాక్‌ల వెంట వచ్చే ‘స్టాప్ డీజేవీయూ’ రాన్సమ్‌వేర్. ఫైళ్లన్నిటికీ తాళం వేసి, ప్రతి ఫోల్డర్లో ‘రీడ్‌మీ’ చీటీ పెట్టి వందల డాలర్లు అడుగుతుంది. 72 గంటల్లో కడితే సగమట. బ్యాకప్ హార్డ్‌డిస్కు తగిలించే ఉంటే దాన్నీ వదలదు.

‘ఒరిజినల్ కొంటే రోజంతా నెట్ ఉండాలి, మన ఊళ్లో నెట్ ఏముంది’ అని అమ్మేవాళ్లు ఊదరగొడతారు. అబద్ధం. అడోబీ ఏడాది ప్లాన్ నెట్ లేకుండా 99 రోజుల వరకు, నెలవారీ ప్లాన్ 30 రోజుల వరకు నడుస్తుంది.

ఇప్పటికే కొనేసినవాళ్లు వరుస తప్పకుండా చేయండి. నెట్ తీసేయండి. సీడీఆర్, పీఎస్‌డీ, డీడబ్ల్యూజీ ఫైళ్లు, మీ తెలుగు ఫాంట్లు మాత్రం బయటి డిస్కులోకి ఎక్కించండి. సెటప్ ఫైళ్లు, ‘క్రాక్’ ఫోల్డర్లు వద్దు. డ్రాయింగుల ఫోల్డర్లలో మీరు పెట్టని అకాడ్ డాట్ ఎల్‌ఎస్‌పీ, అకాడ్‌డాక్ డాట్ ఎల్‌ఎస్‌పీ, అకాడ్ డాట్ ఫాస్ ఫైళ్లుంటే తీసేయండి. ఆటోక్యాడ్ వైరస్‌లు పెన్‌డ్రైవ్‌లో ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు పాకేది వీటితోనే. 2012లో బయటపడ్డ ‘మెడ్రే’ అనే పురుగు ఇలాగే డ్రాయింగులను దొంగిలించి చైనాలోని మెయిళ్లకు పంపింది. తర్వాత విండోస్‌ను ఫార్మాట్ చేసి కొత్తగా ఎక్కించండి, పైపైన అన్‌ఇన్‌స్టాల్ చేస్తే చాలదు. బ్యాంకు, జీమెయిల్ పాస్‌వర్డులు వేరే ఫోనులో మార్చండి. కొత్త ఆటోక్యాడ్‌లో ‘సెక్యూర్‌లోడ్’ (తెలియని ప్రోగ్రాములు లోడ్ కాకుండా చూసే సెట్టింగు) విలువ 1 గానీ 2 గానీ ఉందో లేదో చూడండి, 0 ఉండకూడదు.

డబ్బు పోయిందని తెలిసిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే ఆ మొత్తం అవతలి ఖాతాలో ఆగే అవకాశం అంత. బిల్లు ఉంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కూడా ఉంది. వ్యాపారం కోసం కొన్నవాణ్ణి చట్టం వినియోగదారుడిగా లెక్కపెట్టదు గానీ, బతుకుదెరువుకు సొంతంగా షాపు నడుపుకునేవాళ్లకు మినహాయింపు ఉంది. ఆ మాట ఫిర్యాదులో రాయండి.

‘కొన్నవాడికేం కాదు, అమ్మినవాడికే కేసు’ అనే ధీమా కూడా వద్దు. కాపీరైట్ చట్టం 63బి ప్రకారం, దొంగ కాపీ అని తెలిసి కంప్యూటర్లో వాడితే 7 రోజుల నుంచి 3 ఏళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల వరకు జరిమానా.

సరైన చోట కొన్నవాళ్లకూ రెండు చిక్కులున్నాయి. చందా ఆటోపే మొత్తం 15,000 దాటితే ప్రతిసారీ ఓటీపీ అడుగుతుంది. ఆ మెసేజ్ చూసుకోకపోతే చెల్లింపు జరగక పని మధ్యలో ప్రోగ్రాం ఆగుతుంది. రెండోది డాంగిల్. ఫ్లెక్స్ మెషీన్లకు ఫైలును ప్రింటుకు సిద్ధం చేసే రిప్ సాఫ్ట్‌వేర్లు, ధర్మవరం చీరల జకార్డ్ డిజైన్ ప్రోగ్రాములు కొన్ని యూఎస్‌బీ తాళంతో వస్తాయి. సెకండ్‌హ్యాండ్ మెషీన్ కొనేటప్పుడు డాంగిల్ చేతిలో పెట్టించుకుని, మీ కంప్యూటర్లోనే తగిలించి, ఒక ఫైలు చివరిదాకా ప్రింటు తీయించి చూశాకే మిగతా డబ్బు ఇవ్వండి. ‘డాంగిల్ కొరియర్‌లో పంపుతా’ అన్నాడంటే ఆ బేరం వదిలేయండి.