320 రూపాయల యాక్సిల్ బూట్ కిట్: రబ్బరుకు మార్కులు, క్లాంపులకు సున్నా

మాది 2010 స్విఫ్ట్, పెట్రోల్. తెనాలిలో టైర్లకు గాలి కొట్టే కుర్రాడు ముందు చూశాడు. ఎడమ ముందు చక్రం రిమ్ము లోపల నల్లగా గ్రీజు చిమ్మి ఉంది. వంగి చూస్తే చక్రం వైపు యాక్సిల్ బూట్, అంటే జాయింటులో గ్రీజు కారిపోకుండా కప్పి ఉంచే ముడతల రబ్బరు తొడుగు, ఒక మడత దగ్గర అర్ధచంద్రాకారంలో చిరిగింది. మెకానిక్‌ని అడిగితే "యాక్సిలే మార్చేద్దాం సార్, నాలుగున్నర వేలు" అన్నాడు.

స్టీరింగ్ పూర్తిగా తిప్పి గ్రౌండులో రెండు చుట్లు కొట్టాను. జాయింటు అరిగితే వచ్చే టకటకమనే చప్పుడు లేదు. చిరిగిన చోట వేలు పెట్టి కాస్త గ్రీజు తీసి, బొటనవేలితో నలిపి చూశాను. మెత్తగానే ఉంది. ఇసుక తగిలి ఉంటే నోరు మూసుకుని నాలుగున్నర వేలూ కట్టేవాణ్ణి. ఇసుక చేరిందంటే జాయింటు లోపల ఇనుప బంతులు తిరిగే గాడి అరిగిపోవడం మొదలైనట్టే, అప్పుడు కొత్త బూట్ వేసి లాభం లేదు.

విజయవాడ ఆటోనగర్‌లో కిట్ 320 రూపాయలు. బూట్, ఒక గ్రీజు ప్యాకెట్, బూట్ రెండు చివరలూ బిగించే రెండు రేకు క్లాంపులు. నిలువునా చీల్చి ఉన్న, గమ్ముతో అతికించే బూట్ కూడా చూపించాడు షాపతను. "ఏమీ విప్పక్కర్లేదు సార్" అన్నాడు. రోజూ తిరిగే జాయింటుకి గమ్ము మీద నమ్మకం పెట్టుకోలేను, వద్దన్నాను.

ఈ కిట్ గురించి ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. స్విఫ్ట్‌లో చక్రం వైపు జాయింటును షాఫ్ట్ (యాక్సిల్ కడ్డీ) నుంచి విప్పరు. గేర్ బాక్స్ వైపున్న మూడు రోలర్ల జాయింటు విప్పి, ఆ చివర నుంచి బూట్ జార్చుకుంటూ రావాలి. అంటే బాగున్న లోపలి బూటు క్లాంపు కూడా కోయక తప్పదు. మరి దానికి కొత్త క్లాంపు, గ్రీజు ఈ కిట్‌లో లేవు. సగం విప్పాక తెలిసింది నాకు. మా బావమరిదిని బండి మీద మళ్ళీ ఆటోనగర్ పంపాను. "బావా, మీరు ముందే చెప్తే ఒకేసారి తెచ్చేవాణ్ణి కదా" అని ఇప్పటికీ అంటాడు.

పనిలో కష్టమంతా చక్రం మధ్యలోని పెద్ద నట్ (హబ్ నట్) దగ్గరే. కారు నేల మీద ఉండగానే దాన్ని వదులు చేయాలి. అంచు లోపలికి నొక్కి ఉంటుంది, ముందు దాన్ని ఉలితో లేపాలి. బావమరిది బ్రేక్ తొక్కి పట్టుకున్నాడు, నేను పానాకి మూడడుగుల ఇనుప గొట్టం తొడిగి ఎక్కి నిలబడ్డాను. పెళ్ళున చప్పుడైతే గొట్టం విరిగిందనుకున్నా, కదిలింది నట్టే. జాకీని నమ్మకుండా స్టెప్నీ టైరు కూడా కారు కిందకి తోశాం. తర్వాత బాల్ జాయింట్ బోల్టు తీసి, గునపంతో కింది ఆర్మ్‌ని నొక్కితే హబ్ (చక్రం బిగించే భాగం) బయటికొచ్చింది. లోపలి కప్పు గేర్ బాక్స్‌లోనే వదిలేసి షాఫ్ట్ ఒక్కటే లాగేశాం కాబట్టి గేర్ ఆయిల్ చుక్క కూడా కారలేదు. రోలర్ల ముక్క తీసే ముందు షాఫ్ట్ మీదా దాని మీదా పెయింట్ గుర్తు పెట్టాను, మళ్ళీ అలాగే కూర్చోవాలిగా.

ఇక బూట్ సంగతి. రబ్బరు మందంగా, మెత్తగా ఉంది. మడతలు వేళ్ళతో విప్పి చూసినా ఎక్కడా గీత లేదు. గ్రీజు సరిపోయింది, ప్యాకెట్ మూల కోసి ముద్ద మొత్తం బంతుల సందుల్లోకి బొటనవేలితో నొక్కాను. లోపలి జాయింటు గ్రీజు వేరే రకం, రెంటినీ కలపలేదు. చిన్న వైపు గాడిలో కూర్చోబెట్టి, పెద్ద అంచు కింద స్క్రూ డ్రైవర్ దూర్చి లోపలి గాలి వదిలేస్తేనే బూట్ ఉబ్బకుండా నిలిచింది.

క్లాంపులు మాత్రం దండగ. రేకు చివర మడిచి నొక్కే రకం. మూడు వందల కిలోమీటర్లు తిరిగేసరికి పెద్ద వైపుది వదులై, రిమ్ము మీద మళ్ళీ అదే నల్ల చుక్కలు. ఈసారి చెవి ఉండే స్టెయిన్‌లెస్ క్లాంపులు ఒక్కోటి ముప్పై రూపాయలకి తెచ్చి, మేకులు పీకే పటకారుతో చెవి బిగించాను. అది జరిగి నాలుగు నెలలైంది. పోయిన వారం గుంటూరు వెళ్ళొచ్చాక చూశాను, రిమ్ము పొడిగా ఉంది.

కిట్‌లో హబ్ నట్ కూడా ఉండదు, అది కొత్తది వేయాలి. లోపలి బూట్ కిట్, నట్, మంచి క్లాంపులు, పెట్రోల్ ఖర్చు కలిపితే పదకొండు వందలు దాటింది. రెండు ఆదివారాలు పోయాయి. కుడి వైపు బూట్ మీద సన్నటి పగుళ్ళు కనిపిస్తున్నాయి, ఇంకా చిరగలేదు. దానికీ ఇదే బూట్ తెచ్చి పెట్టుకున్నాను. రేకు క్లాంపులు అక్కడే కౌంటర్ మీద వదిలేసి వచ్చాను.