ఇంట్లో డ్యాన్స్ పార్టీ: పాటల పగ్గాలు ఎవరి చేతిలో ఉంటే మేలు?

ఇంట్లో పదిమంది చేరి డ్యాన్స్ చేయాలనుకున్నప్పుడు దీపాలూ అలంకరణా ఎలా ఉన్నా సర్దుకుపోవచ్చు. పాటలు కుదరకపోతే మాత్రం ఎవరూ కుర్చీలోంచి లేవరు. పాటల బాధ్యతను నాలుగు రకాలుగా అప్పగించవచ్చు: ఫోనులోని యాప్‌కు వదిలేయడం, వచ్చినవాళ్లందరి చేతికీ ఇవ్వడం, ముందే జాబితా పేర్చి నడవనివ్వడం, ఒక మనిషి దగ్గరుండి వేయడం. నా ఓటు చివరిదానికే. అయితే ఆ మనిషి చేతిలో మూడో పద్ధతి తాలూకు జాబితా కూడా ఉండాలి.

యాప్‌తో శ్రమ లేదు. ఒక పాట పెడితే దానికి దగ్గరగా ఉన్న పాటలను అదే తెచ్చి వరసగా వినిపిస్తుంది. వినడానికి ఇది బాగుంటుంది, ఆడటానికి కాదు. ఒకే పోలికలో ఉన్న పాటలు వరసగా ఆరేడు వస్తే కాళ్లకు కొత్తదనం ఉండదు. పైగా యాప్ ఎంపికలో ఫోను సొంతదారు రోజూ వినే అలవాట్లు తొంగిచూస్తాయి. పిల్లల జోలపాట హఠాత్తుగా మోగిందంటే కారణం అదే. గదిలో జనం ఆడుతున్నారా, గోడవారన నిలబడి కబుర్లు చెప్పుకుంటున్నారా అన్నది దానికి తెలియదు. అతిథులు ఒక్కొక్కరే వస్తున్న మొదటి అరగంటకు వాడుకోండి, చాలు.

అందరి చేతికీ ఇవ్వడం చూడటానికి ఎంతో న్యాయంగా కనిపిస్తుంది. పాటల యాప్ స్పాటిఫైలో 2023లో వచ్చిన ‘జామ్’ సౌకర్యం సరిగ్గా ఇందుకే: ఒకరు మొదలుపెడితే మిగతావాళ్లు తమ ఫోన్ల నుంచే వరసలోకి పాటలు చేర్చవచ్చు. చిక్కేమిటంటే, ప్రతి ఒక్కరూ తమకు ప్రాణమైన పాటను చేరుస్తారు. ఒంటరిగా వింటే ప్రాణం లేచివచ్చే పాట పదిమందినీ ఆడిస్తుందన్న నమ్మకం లేదు. ఉరకలెత్తించే పాట తర్వాత విరహగీతం, దాని వెనక ఎనిమిది నిమిషాల వాద్యసంగీతం వస్తే అప్పటిదాకా పట్టుకున్న ఊపు చేజారుతుంది. అతిథుల ఇష్టాలను పక్కన పెట్టమనడం లేదు. పార్టీకి రెండు రోజుల ముందే ఒక్కొక్కరినీ రెండేసి పాటలు అడిగి తీసుకోండి. ఏ పాట అన్నది వాళ్ల ఇష్టం, ఎప్పుడన్నది మీ నిర్ణయం. తాను అడిగిన పాట సరైన సమయానికి మోగినప్పుడు ఆ మనిషి ముఖం వెలిగిపోతుంది, నలుగురినీ చేయి పట్టుకుని లాక్కొస్తాడు.

ముందే పేర్చిన జాబితాకు నేను చాలా విలువ ఇస్తాను, ఎందుకంటే అందులో ఆలోచన ఉంటుంది. పాట మూడున్నర నిమిషాలనుకుంటే నాలుగు గంటలకు దాదాపు 70 పాటలు కావాలి. నిమిషానికి 100 బీట్ల దగ్గర మొదలుపెట్టి, మెల్లగా 120 నుంచి 130 మధ్యకు తేవచ్చు. హౌస్ అనే ఎలక్ట్రానిక్ డ్యాన్స్ సంగీతం, డిస్కోలో అధికభాగం ఆ చుట్టుపక్కలే నడుస్తాయి. మనిషి ఎక్కువసేపు అలవోకగా ఆడగలిగే వేగం కూడా అదే. అదేపనిగా పెంచుకుంటూ పోకూడదు. నాలుగైదు పాటలకు ఒకసారి కాస్త తగ్గించి ఊపిరి తీసుకోనిస్తేనే తర్వాతి పెద్ద పాటకు బలం వస్తుంది. కానీ పేర్చినప్పుడు మీరు ఊహించిన రాత్రి వేరు, తీరా వచ్చే రాత్రి వేరు. తొమ్మిదింటికి గది నిండుతుందని అక్కడ పెట్టిన మంచి పాటలన్నీ, జనం పదింటికి వస్తే ఖాళీ గదిలో మోగిపోతాయి.

అందుకే మనిషి కావాలి. దీనికి చరిత్రలోనే మంచి సాక్ష్యాలున్నాయి, రెండూ న్యూయార్క్‌వే. 1973 ఆగస్టు 11న బ్రాంక్స్‌లో, తాము ఉండే అపార్ట్‌మెంటు భవనంలోని వినోదశాలలో సోదరి ఏర్పాటుచేసిన పార్టీకి డీజే కూల్ హెర్క్ పాటలు వేశాడు. పాట మధ్యలో డ్రమ్స్ మాత్రమే మోగే చోటు కోసమే కుర్రకారు ఎదురుచూస్తున్నారని గమనించి, ఒకే రికార్డు ప్రతులు రెండు పెట్టుకుని ఆ ముక్కనే సాగదీసే పద్ధతిని అతడు పట్టుకున్నాడు. హిప్-హాప్‌కు అదే పునాది. 1970 నుంచి తన నివాసంలోనే పార్టీలు జరిపిన డేవిడ్ మాన్కూసో ఇందుకు పూర్తి విరుద్ధం. పాటలను ఒకదానిలో ఒకటి కలపడం మానేసి, ప్రతి పాటనూ మొదటినుంచి చివరిదాకా వినిపించాడు. పద్ధతులు రెండు ధ్రువాలైనా, ఆడేవాళ్లకు ఏం కావాలో కనిపెట్టి చూడటంలో ఇద్దరూ ఒకటే.

కాబట్టి డీజే యంత్రం కొనాలా అని అడిగితే, అవసరం లేదంటాను. బీటుకు బీటు కలపడం ముచ్చటైన విద్యే, నేర్చుకోవాలనుకునేవారికి మిక్స్ (Mixxx) అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఇంటి పార్టీకి మాత్రం ఒక పాట తగ్గుతుండగానే తర్వాతిది మొదలయ్యే క్రాస్‌ఫేడ్‌ను యాప్‌లో ఐదారు సెకన్లకు పెట్టుకుంటే పాటకూ పాటకూ మధ్య నిశ్శబ్దం రాదు. అసలు పని పాట చివరి అరనిమిషంలో ఉంటుంది. అప్పుడు తెర చూడకండి, కాళ్లు చూడండి. అంచున నిలబడ్డవాళ్ల భుజాలు ఊగుతూ పాదాలు కదలకపోతే, వాళ్లకు తెలిసిన పాట ఒకటి పడాలి. మధ్యలో ఉన్నవాళ్లు నీళ్లకోసం పక్కకు జరుగుతుంటే వేగం తగ్గించాలి. గది సగం ఖాళీ అయితే, తర్వాత వేద్దామని దాచుకున్న పెద్ద పాటను ఆలోచించకుండా వాడేయండి. ఈ పద్ధతిలో లోపం ఒక్కటే: పాటలు వేసేవారు ఆడలేరు. ఇద్దరు ముగ్గురు గంటకొకరు చొప్పున పంచుకుంటే ఆ లోటూ తీరుతుంది.

ఫోనును స్పీకరుకు కలపడానికి తీగ మేలా, బ్లూటూత్ మేలా అన్నదానికి జవాబు తేలిక. తీగే మేలు. బ్లూటూత్‌లో ఫోను జేబులో పెట్టుకుని అవతలి గదికి వెళితే పాట తెగుతుంది. ఎవరైనా ఫోన్ చేస్తే తీగతోనైనా ఆగుతుంది. పాటలను ముందే దించుకున్న పాత ఫోనునో ల్యాప్‌టాప్‌నో ఈ ఒక్క పనికే కేటాయించి, ఏరోప్లేన్ మోడ్‌లో ఉంచండి.

శబ్దం విషయంలో మాత్రం గట్టిగా చెబుతాను. 85 డెసిబెల్స్‌ను రోజుకు 8 గంటలవరకు భరించవచ్చని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ ప్రమాణం. ప్రతి 3 డెసిబెల్స్ పెరుగుదలకూ ఆ సమయం సగమవుతుంది. అంటే 94 దగ్గర గంట, 100 దగ్గర పావుగంటే. ఒకే స్పీకరును గొంతు చించుకునేలా పెంచేకంటే, రెండింటిని చెవుల ఎత్తులో డ్యాన్స్ చేసే చోటువైపు తిప్పి పెడితే తక్కువ శబ్దంలోనే నిండుగా వినిపిస్తుంది. స్పీకరును గది మూలకు నెట్టకండి. అక్కడ బేస్, అంటే దడదడమనే లోతైన శబ్దం, ఉబ్బిపోయి పాట మసకబారుతుంది, గోడలు దాటి పొరుగువారిని లేపేదీ ఆ బేసే.

జాబితాలో ఎన్ని మార్పులు చేసినా ఆఖరి పాట మాత్రం ముందే ఎంచుకుని విడిగా ఉంచండి. అందరూ కలిసి పాడగలిగే పాటయితే మంచిది. రాత్రి మధ్యలో ఎవరెంత బతిమాలినా దాన్ని ముందు వేయకండి.