స్టీల్ ప్రాపా, జాక్ ప్లేటా: బాస్ బోట్ మోటార్‌కి ముందు ఏది?

టెక్సాస్‌లో బాస్ బోట్ (బాస్ చేపలు పట్టే స్పీడ్ బోట్) ఉన్న మనవాళ్ళకి ఎప్పుడూ ఇదే డౌటు. ప్రాప్ అంటే మోటార్ కింద నీళ్ళలో తిరిగే ప్రొపెల్లర్, జాక్ ప్లేట్ అంటే బోట్ వెనకాల మోటార్‌ని పైకీ కిందకీ జరిపే బ్రాకెట్.

ఖర్చు: స్టీల్ ప్రాప్ 500 డాలర్ల చుట్టూ, హైడ్రాలిక్ జాక్ ప్లేట్ రెట్టింపు లేదా అంతకంటే ఎక్కువే.

పని: ప్రాప్ అయితే నట్ విప్పి మార్చేయడమే, ప్లేట్‌కి మోటార్ మొత్తం దించాలి, బోల్టు రంధ్రాలు సీల్ చెయ్యాలి, ఒక్కరి వల్ల కాదు.

రిస్క్: ప్లేట్ మరీ ఎత్తితే నీళ్ళు లాగే రంధ్రాలు పైకొచ్చి ఇంజన్ వేడెక్కిపోద్ది, వాటర్ ప్రెజర్ గేజ్ లేకుండా అస్సలు పెట్టొద్దు ప్లీజ్. స్టీల్ ప్రాప్ మొద్దుకి తగిలితే అల్యూమినియంలా తేలిగ్గా వంగదు, దెబ్బ గేర్‌కేస్‌కి (ప్రాప్‌ని తిప్పే గేర్లుండే మోటార్ కింది భాగం) పోద్ది, లేక్ ఫోర్క్‌లో మునిగిన చెట్లెక్కువ, జాగ్రత్త.

ఫుల్ థ్రాటిల్‌లో ఆర్పీఎం మాన్యువల్ చెప్పినంత ఎక్కకపోతే ముందు ప్రాప్ చూడండి, పిచ్ (ప్రాప్ ఒక చుట్టుకి లెక్క ప్రకారం ముందుకెళ్ళే దూరం) 1 అంగుళం తగ్గిస్తే ఆర్పీఎం 150-200 పెరుగుద్ది. ఆర్పీఎం బానే ఉండి, లోతు తక్కువ నీళ్ళలో తిరిగేవాళ్ళకైతే జాక్ ప్లేటే.